ఎంకి పాటలు – ఛందస్సు, ప్రాస, ఆవృత్తి

ఎంకి పాటలు నండూరి వెంకట సుబ్బారావు (1895–1957) రచించిన తెలుగు గేయ సంపుటి. ఎంకి, నాయుడుబావ అనే పల్లెటూరి జంట ప్రేమ ఈ పాటలకు వస్తువు. తెలుగులో గ్రామీణ ప్రణయ కవిత్వానికి ఉదాహరణ అడిగితే మొదట గుర్తుకు వచ్చే పుస్తకం ఇదే. ఈ వ్యాసంలో ఎంకి పాటల కథను గాని, రసాన్ని గాని కాక, వాటి శబ్ద నిర్మాణాన్ని, అనగా మాత్రల లెక్క, యతిప్రాసలు, మాటల ఆవృత్తి ఎట్లా పనిచేస్తాయో వివరించడం జరిగింది. ఛందస్సు చదువుకునే విద్యార్థులు తామే ఒక పాటను తీసుకుని లెక్క కట్టడానికి వీలుగా పద్ధతి కూడా ఇవ్వబడినది.

నేపథ్యం

నండూరి సుబ్బారావు ఏలూరు దగ్గరి వసంతవాడలో జన్మించారు. మద్రాసులో చదువుకునే రోజులలో, 1917–18 ప్రాంతంలో, ఈ పాటలు రాయడం ప్రారంభించారు. తరువాత ఏలూరులో న్యాయవాదిగా ఉన్నారు. పాటలు 1925లో పుస్తకరూపంలో వెలువడినాయి. 1952లో "కొత్త పాటలు" వచ్చాయి. శ్రీరంగం గోపాలరత్నం వంటి గాయనీమణుల గొంతులో, ఆకాశవాణి ద్వారా, ఇవి పుస్తకం చూడని వారికి కూడా చేరినాయి.

ఈ పాటలు వెలువడిన కాలంలో గ్రాంథిక, వ్యావహారిక భాషావాదం జోరుగా సాగుతున్నది. పల్లెజనం పలికే మాటలతో కవిత్వం చెప్పవచ్చునా అన్నది అప్పటి ప్రశ్న. పండితులలో కొందరు వీటిని గ్రామ్యమని తోసిపుచ్చగా, యువకవులు తలకెత్తుకున్నారు. భాష గ్రామ్యమైతే ఛందస్సు కూడా లేనట్టే అనే అభిప్రాయం ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతుంది. అది ఎంతవరకు నిజమో లెక్క వేసి చూస్తేనే గాని తెలియదు.

గ్రామీణ ప్రణయ కవిత్వం

పొలాలు, మందలు, ఏటి ఒడ్డులు నేపథ్యంగా ప్రేమను పాడడం చాలా భాషలలో ఉన్న సంప్రదాయమే. మన దేశంలో హాల సాతవాహనుని పేర ప్రసిద్ధమైన ప్రాకృత "గాథాసప్తశతి" ఇందుకు ప్రాచీన ఉదాహరణ. గాథ అనేది మాత్రల లెక్కతో నడిచే ఛందస్సు. మొదటి సగంలో 30, రెండవ సగంలో 27 మాత్రలు సాధారణంగా ఉంటాయి. తమిళ సంగ కవిత్వంలో పశువుల మేత భూములకు సంబంధించిన "ముల్లై" ఒక ప్రత్యేక విభాగం. 12వ శతాబ్దికి చెందిన జయదేవుని "గీతగోవిందం"లో 24 గీతాలున్నాయి. ప్రతి గీతానికీ మళ్ళీ మళ్ళీ వచ్చే ధ్రువం ఉంటుంది. గ్రీకు కవి థియోక్రిటస్ (క్రీ.పూ. 3వ శతాబ్ది) గొల్లల పాటలలోను, లాటిన్ కవి వర్జిల్ గోపగీతాలలోను ఇటువంటి పల్లవి పంక్తులు కనబడతాయి.

ఈ సంప్రదాయాలలో చాలావాటికి సామాన్యమైన విషయం ఒకటున్నది. కవి చదువుకున్నవాడైనా, పాడేది పల్లెవాడు అన్న భ్రమను కల్పించాలి. ఆ భ్రమకు ముఖ్య సాధనాలు మూడు: నడకకు తగిన లయ, చెవికి తెలిసే ప్రాస, నోటికి అలవాటయ్యే ఆవృత్తి. ఎంకి పాటలలో ఈ మూడూ ఉన్నాయి.

మాత్రల లెక్క

ఛందస్సులో హ్రస్వాక్షరానికి ఒక మాత్ర. దీనిని లఘువు అంటారు. దీర్ఘాక్షరానికి, సున్నతో కూడిన అక్షరానికి, పొల్లుతో కూడిన అక్షరానికి, సంయుక్తాక్షరానికి లేదా ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరానికి రెండు మాత్రలు; దీనిని గురువు అంటారు. ఇంతవరకు తెలిస్తే పాటను లెక్కపెట్టవచ్చును.

పాటల నడకను గతి అంటారు. అనకాపల్లి జిల్లా (2022 వరకు విశాఖపట్నం జిల్లా) చోడవరం ప్రాంతపు ఊరి పేర్లతోనే గతులను సులభంగా గుర్తుపెట్టుకోవచ్చును.

1. త్రిస్రగతి (3 మాత్రలు): కొత్తకోట – "కొత్త", "కోట" అని మూడేసి మాత్రల రెండు ముక్కలు.
2. ఖండగతి (5 మాత్రలు): గోవాడ – రెండు గురువులు, ఒక లఘువు. మాడుగుల – ఒక గురువు, మూడు లఘువులు.
3. మిశ్రగతి (3+4 మాత్రలు): రావికమతం – "రావి" మూడు, "కమతం" నాలుగు.
4. ఖండగతి మీద త్రిస్రపు ముగింపు (5+3): బుచ్చెయ్యపేట – "బుచ్చెయ్య" ఐదు, "పేట" మూడు.

ఇందులో మిశ్రగతికి ఆధునిక కవిత్వంలో గొప్ప స్థానం ఉన్నది. 1910లో గురజాడ అప్పారావు ప్రవేశపెట్టిన ముత్యాలసరం ఈ 3+4 నడకలోనే సాగుతుంది. గురజాడ జన్మస్థలమైన రాయవరం కూడా ఇప్పటి అనకాపల్లి జిల్లాలోనిదే. నాలుగవదైన 5+3 ముగింపు ఎంకి పాటలకు సంబంధించినది. దానిని అర్థం చేసుకోవాలంటే ద్విపదను గుర్తు చేసుకోవాలి.

ద్విపద లక్షణం

పాల్కురికి సోమనాథుని "బసవపురాణం", గోన బుద్ధారెడ్డి "రంగనాథ రామాయణం" ద్విపదలో రచించబడినవి. ద్విపదలో రెండు పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడవ గణపు మొదటి అక్షరం యతిస్థానం. రెండు పాదాలకూ ప్రాస ఉండాలి. ప్రాస లేనిది మంజరీ ద్విపద. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటిలో నల, భ గణాలకు నాలుగు మాత్రలు, మిగిలిన నాలుగింటికీ ఐదు మాత్రలు. సూర్యగణాలు రెండు: న, హ (గలం), రెండింటికీ మూడు మాత్రలే.

లెక్క చూపడానికి మాత్రమే ఇక్కడ రెండు పాదాలు కూర్చబడినవి:

గోవాడ / చెరకుతో / కొత్తూరు / బండి
చేవున్న / యెడ్లతో / చేరింది / నేడు

మొదటి పాదంలో త, నగ, త గణాలు, చివర హగణం. రెండవ పాదంలో త, ర, త గణాలు, చివర హగణం. పాదానికి మాత్రలు 5+5+5+3, మొత్తం 18. మొదటి పాదంలో "గో"కు "కొ"తో యతి చెల్లినది. క, గ ఒకే వర్గానివి, ఒ, ఓ స్వరాలకు మైత్రి ఉన్నది. రెండవ పాదంలో "చే"కు "చే" యతి. రెండు పాదాలలోను రెండవ అక్షరం వకారం గనుక ప్రాస కుదిరినది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. "గోవాడ" బదులు "మాడుగుల" పెట్టినా మాత్రలు ఐదే. పాడేటప్పుడు లోటు తెలియదు. కాని గురువు మీద మూడు లఘువులు ఇంద్రగణం కాదు గనుక అది ద్విపద కాదు, ఖండగతిలోని మాత్రాగేయం మాత్రమే. యతి కూడా "మా"కు "కొ"తో చెల్లదు. మాత్రాగేయానికి, ద్విపదకు ఉన్న తేడా ఇదే. పాట ఏ కోవకు చెందినదో చెప్పేముందు ఈ రెండు పరీక్షలూ చేయాలి.

పాటలో ద్విపద

ఎంకి పాటలలో ఎక్కువ ప్రచారం పొందినది, గుండె ఊరుకోక కుదురుగా కూర్చోనివ్వని తపనను నాయుడు చెప్పుకునే పాట. దాని మొదటి రెండు పంక్తులను పై పద్ధతిలో లెక్క వేస్తే ఫలితం ఇట్లా వస్తుంది.

మొదటి పంక్తి: ర, సల, త గణాలు, చివర హగణం. రెండవ పంక్తి: త, ర, త గణాలు, చివర హగణం. అనగా పంక్తికి 18 మాత్రలు, 5+5+5+3 నడక. గణాలన్నీ శాస్త్రసమ్మతమైన ఇంద్ర, సూర్యగణాలే. మొదటి పంక్తిలో మూడవ గణపు తొలి అక్షరానికి యతి చెల్లినది. గకారానికి కకారం, ఉకారానికి ఒకారం. రెండవ పంక్తిలో కకారానికి కకారమే యతి. నియతమైన ప్రాస లేదు. ఇది మంజరీ ద్విపద.

ప్రాస లేకపోయినా రెండు పంక్తుల మొదటి గణాలలోను సున్న మీద డకారం వినిపిస్తుంది. స్థానం వేరు గనుక లక్షణం ప్రకారం అది ప్రాస కాదు. కాని చెవి ఆ పోలికను గుర్తించకుండా ఉండదు.

గణవిభాగాన్ని పదవిభాగంతో పోల్చినా విశేషం కనబడుతుంది. మొదటి పంక్తిలో ఒక మాట రెండు గణాల నడుమ విరుగుతుంది. రెండవ పంక్తిలో గణాల విరుపు, మాటల విరుపు దాదాపు కలిసిపోతాయి. తడబాటుతో మొదలైన మాట తరువాత పంక్తిలో నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. కవి దీనిని ఉద్దేశించి చేశాడా అన్న చర్చ అవసరం లేదు. చదివేవారి నోటికి ఆ తేడా తెలుస్తుంది.

గ్రామ్యమని కొందరు తోసిపుచ్చిన పాట ఎత్తుగడ, రంగనాథ రామాయణం నడిచిన దారిలోనే నడిచినది. మాటలు పల్లెవి, లెక్క పూర్వకవులది. ఎంకి పాటలను గురించి విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇది. అయితే పుస్తకంలోని పాటలన్నీ ఒకే లెక్కలో లేవు. 5+5+5+5 చొప్పున 20 మాత్రలతో నడిచే పంక్తులు కూడా ఉన్నాయి. అది ద్విరదగతి రగడ పాదపు కొలత. కనుక ప్రతి పాటనూ విడిగా లెక్కపెట్టవలసిందే.

పంక్తి చివరి మూడు మాత్రలు

ఖండగతిలో పాడేటప్పుడు చివరి మూడు మాత్రల గణం మీద గొంతు మరి రెండు మాత్రల కాలం నిలుస్తుంది. అప్పుడు 18 మాత్రల పంక్తి 20 మాత్రల కాలం తీసుకుంటుంది, తాళం తప్పదు. కాగితం మీద ఖాళీగా కనిపించే ఆ రెండు మాత్రలలోనే రాగం తీయడానికి, నిట్టూర్చడానికి చోటు దొరుకుతుంది.

నాయికానాయకుల పేర్లు ఈ చోటికి తగినట్టు అమరినాయి. "ఎంకి" ఒక గురువు, ఒక లఘువు, అచ్చమైన హగణం. "బావ" కూడా అంతే. రెండు పేర్లూ పంక్తి చివర సూర్యగణం స్థానంలో ఏ మార్పూ లేకుండా ఒదుగుతాయి. పేరు పలికి, దాని మీద గొంతు నిలిపే అవకాశం ఛందస్సే ఇస్తుంది.

ప్రాస భేదాలు

తెలుగులో ప్రాస అంటే పాదంలో రెండవ హల్లు పోలిక. ఇతర భాషల పాటలలో తరచు వినబడే పంక్తి చివరి పోలికను మనం అంత్యప్రాస అంటాము. రగడలలో అంత్యప్రాస నియమం పూర్వం నుంచీ ఉన్నది గనుక అది మనకు కొత్త కాదు.

ఎంకి అలంకారాలను, చూపును వర్ణించే ప్రసిద్ధమైన పాటలో ఈ రెండు విధాల పోలికలూ కలిసి వస్తాయి. మెడలోని పూసలను చెప్పే సగానికి, తలలోని పూలను చెప్పే సగానికి మాత్రలు సమానం. చివరి మాటలకు అంత్యప్రాస. తరువాతి పంక్తిలో చూపును గురించిన రెండు సగాలకూ వేరొక అంత్యప్రాస. ఇవిగాక మెడ, తల, కళ్ళు అనే అర్థాల మూడు మాటలలోను రెండవ అక్షరం లకార, ళకారాల ద్విత్వం. ఒకే కొలతలో ఒక్కొక్క నగను చూపుతూ పోవడం వలన, నాయుడు ఎంకిని నిలువునా చూస్తున్నట్టు వినేవారికి తోస్తుంది.

ఆవృత్తి

ఎంకి పాటలలో ఆవృత్తి మూడు విధాలుగా కనబడుతుంది.

1. పల్లవి ఆవృత్తి – చరణం ముగిసిన ప్రతిసారీ మొదటి పంక్తి తిరిగి రావడం. మాటలు అవే అయినా, నడుమ చరణం విన్నాము గనుక రెండవసారి అర్థం బరువెక్కుతుంది.
2. పదం ఆవృత్తి – ఒకే మాటను వెంటనే రెండుసార్లు పలకడం. వ్యాకరణంలో రెండవసారి పలికిన దానికి ఆమ్రేడితమని పేరు.
3. నిర్మాణ ఆవృత్తి – మాటలు మారినా వాక్యపు అచ్చు మారకపోవడం.

పైన చెప్పిన అలంకారాల పాటలోనే రెండవ, మూడవ విధాలు కలిసి ఉన్నాయి. ఎంకి వంటి పిల్ల లేదు అని చెప్పే క్రియ, ఎదుటివాని పిలుపును కలుపుకొని, వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. ఒక్కొక్కటి ఐదు మాత్రల నిండు గణం. తరువాత ఎంకి ఇక తన వంకకు రాదు అని చెప్పే క్రియ అదే స్థానంలో, అదే కొలతలో, రెండుసార్లు వస్తుంది. శబ్దంలో మారినది మొదటి అక్షరం ఒక్కటే: "లే" పోయి "రా" వచ్చినది. అర్థం మాత్రం పూర్తిగా తిరిగినది. మొదటి "లేదు" పొగడ్త. రెండవ "రాదు" దిగులు. ఒకే అచ్చులో రెండింటినీ పోయడం వలన పొగడ్త వెనుక దిగులు ఉన్నదని వేరే చెప్పవలసిన పని లేకపోయినది.

పల్లెపాటతో సంబంధం

పల్లెలలో ఆవృత్తికి మూలం పని, గుంపు. ఊడ్పులలో ఒకరు పంక్తి అందుకుంటే మిగిలినవారు తిరిగి అంటారు. ఉత్తరాంధ్రలో యాదవులు ప్రదర్శించే తప్పెటగుళ్ళు పశుపాలకుల కళే. రొమ్ముకు కట్టుకున్న గుండ్రని వాద్యాన్ని వాయిస్తూ, కాలి గజ్జెలతో అడుగు వేస్తూ, ముందువాడు పాడినదానిని బృందం అందుకుంటుంది. అక్కడ ఆవృత్తి ఊపిరి తీసుకోవడానికి, అడుగు కలపడానికి అవసరం. ఎంకి పాటలలో బృందం లేదు, పాడేవాడు ఒక్కడే. తనకు తానే బదులు చెప్పుకుంటున్నట్టు ఉండడం వలన, గుంపుపాటలో ఉత్సాహం ఇచ్చే ఆవృత్తి ఇక్కడ ఒంటరితనాన్ని తెలుపుతుంది.

మాండలికం – ఛందస్సు

విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు మాండలిక పదాలను శిష్టరూపంలోకి దిద్ది చదివించడం ఒక అలవాటు. అర్థం చెప్పడానికి అది సరే. పాటను దిద్దితే మాత్రం లెక్క చెడవచ్చును.

- "పోయినాది" ఆరు మాత్రలు, "పోయింది" ఐదు.
- "కూకున్నాది" ఏడు మాత్రలు, "కూర్చున్నది" ఆరు.
- "సూసింది", "చూసింది" – రెండింటికీ ఐదే, తేడా లేదు.

చకారం సకారంగా మారినప్పుడు యతి కూడా చెడదు. చ, ఛ, జ, ఝ, శ, ష, స అక్షరాలకు పరస్పరం యతి చెల్లుతుందని లక్షణకారులు పూర్వమే చెప్పారు. "భాష"ను "బాస" అన్నా పకార వర్గం దాటలేదు. పల్లెవాని పలుకు మారే దారులు, లాక్షణికులు అంగీకరించిన యతిమైత్రి దారులు ఇటువంటి చోట్ల ఒకటే కావడం గమనించదగినది. ఒక శబ్దం మరొకదానికి దగ్గరగా వినబడుతుందన్న అనుభవమే రెండింటికీ ఆధారం.

విద్యార్థులకు సూచనలు

1. పాటను ముందుగా రెండుసార్లు పైకి చదవాలి. నడక చెవికి తెలిసిన తరువాతనే గురులఘువులు గుర్తించాలి.
2. ఉన్నది ఉన్నట్టే రాసుకోవాలి. మాండలికాన్ని దిద్దరాదు.
3. మొత్తం మాత్రలు లెక్కించి, 3, 4, 5, 7లలో ఏ కొలతకు విరుగుతున్నదో చూడాలి. చివరి గణం తక్కువగా ఉంటే అది తప్పు కాదు. పాడేటప్పుడు నిలిపే చోటు.
4. ఆరవ విభక్తిలోని "లో" వంటి దీర్ఘాలు పాటలో ఒక్కొక్కప్పుడు హ్రస్వంగా పలుకబడతాయి. ఒక మాత్ర ఎక్కువ వస్తే ముందుగా అటువంటి అక్షరాలను పరిశీలించాలి.
5. మాత్రలు సరిపోయినంత మాత్రాన ద్విపద అనరాదు. గణాలను, మూడవ గణం వద్ద యతిని కూడా చూడాలి.
6. ప్రాస, అంత్యప్రాస, ఆవృత్తి – ఈ మూడింటినీ వేరువేరుగా గుర్తించాలి. తరువాత ప్రతి ఆవృత్తి వద్ద, రెండవసారి వచ్చినప్పుడు అర్థంలో ఏమి మారినదో ఒక వాక్యంలో రాయాలి. ఏమీ మారకపోతే అది లయ కోసం వచ్చినది. మారితే భావం కోసం వచ్చినది.

ఈ పద్ధతి ఎంకి పాటలకే పరిమితం కాదు. ఇంటిలో పెద్దలు పాడే దంపుళ్ళ పాటకు, లాలిపాటకు, ఊడ్పుల పాటకు కూడా వర్తిస్తుంది. అటువంటి పాటలు అనేకం రాతలోకి ఎక్కకుండానే మరుగున పడుతున్నవి. లెక్క కట్టడానికైనా పాటను ఒకసారి కాగితం మీద పెట్టవలసి వస్తుంది గనుక, ఛందస్సు అభ్యాసం వలన ఒక పాట నిలిచే ప్రయోజనం కూడా ఉన్నది.

ఇవి కూడా చూడండి

ద్విపద, రగడ, యతి, ప్రాస, ముత్యాలసరాలు, తప్పెటగుళ్ళు, నండూరి వెంకట సుబ్బారావు